లేబుల్ లేని తిండిలో ప్రోటీన్ ఎంత?

ప్యాకెట్ మీద ప్రోటీన్ అంకె చూస్తే, ఎవరో ఆ ప్రోటీన్‌ని విడిగా తీసి తూకం వేశారేమో అనిపిస్తుంది. కానీ ల్యాబ్‌లో చాలాసార్లు కొలిచేది నైట్రోజన్‌ని. 1883లో డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో పనిచేసే యొహాన్ కెల్డాల్ చూపిన దారి ఇది: తిండిని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి, అందులోని నైట్రోజన్‌ని అమ్మోనియాగా మార్చి లెక్కకట్టడం. ప్రోటీన్‌లో నైట్రోజన్ సుమారు 16 శాతం కాబట్టి, వచ్చిన అంకెని 6.25తో గుణిస్తారు. పాలకైతే 6.38, గోధుమపిండికి 5.7. అంటే లేబుల్ కూడా ఒక అంచనాయే!

ఆ నైట్రోజన్ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఈ పరీక్షకి తెలీదు. 2008లో చైనాలో బయటపడిన కల్తీ పాలలో, ప్రోటీన్ ఎక్కువ ఉన్నట్టు కనిపించడానికి, మెలమైన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కలిపింది ఇందుకే, దాని బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే. పసిపిల్లలు కిడ్నీలు దెబ్బతిని చనిపోయారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

ఇక ఇంట్లో వండినదాని సంగతి. ఇక్కడ మనల్ని ఎక్కువగా తప్పుదారి పట్టించేది నీళ్లు. 100 గ్రాముల ఎండు పప్పులో దాదాపు 24 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, అదే ఉడికిన పప్పులో 9 దాటడం కష్టం. కోడిమాంసం దీనికి తిరగబడుతుంది: పచ్చి బ్రెస్ట్ ముక్కలో 100కి 22 ఉంటే, వండాక నీళ్లు పోయి 30 దాకా కనిపిస్తుంది. ప్రోటీన్ ఏమీ పెరగలేదు, ముక్క బరువు తగ్గిందంతే. కాబట్టి వండకముందే సరుకులు తూచి, పోషకాల పట్టిక చూసి మొత్తం ప్రోటీన్ కూడుకోండి. 200 గ్రాముల పప్పు అంటే 48 గ్రాములు, ఉడికాక గిన్నెలో 600 గ్రాములైతే, మీరు తిన్న 150 గ్రాముల్లో 12 వచ్చినట్టు.

బయట తినేటప్పుడు తూకం ఉండదు కదా. అప్పుడు ప్రోటీన్ ఇచ్చే వస్తువు ఏదో, ఎంత ఉందో చూడాలి. ఒక పెద్ద గుడ్డంటే 6 గ్రాములు, గ్లాసుడు పాలంటే 8. "12.4" అని రాసుకునే బదులు "10 నుంచి 15" అనుకోవడమే నిజాయితీ అని నా నమ్మకం. ప్రోటీన్ సరిపోతోందా అని చూసుకునేవాళ్లు ఆ రెంటిలో తక్కువ అంకె పట్టుకోవాలి. కిడ్నీ జబ్బు వల్ల ప్రోటీన్ తగ్గించమని డాక్టర్ చెప్పినవాళ్లు మాత్రం ఎక్కువ అంకెనే లెక్కలో వేసుకోవాలి.