చిల్లు పడిన శిలాజ గుల్లలు: అపోహలు – వాస్తవాలు

శిలాజాలు ఏరడానికి కొత్తగా వచ్చే పిల్లలు నున్నటి గుల్లల్ని సంచిలో వేసుకుని, చిల్లులు పడినవాటిని పక్కన పడేస్తారు. నేను మాత్రం ఆ పడేసిన కుప్ప దగ్గరే కూర్చుంటాను.

అపోహ: గుండ్రటి చిల్లు అలల రాపిడికి పడింది, లేదా ఎవరో దండ గుచ్చడానికి పెట్టారు.

వాస్తవం: కోట్ల ఏళ్ల నాటి గుల్ల అది, అప్పటికి మనిషే లేడు. రాపిడికి పడే చిల్లు వంకరటింకరగా ఉంటుంది. చక్కగా గుండ్రంగా ఉంటే, చాలావరకు అది వేటాడే నత్త పనే. ఆమ్లంతో గుల్లను మెత్తబరిచి, ఆకురాయిలాంటి నాలుకతో గీకుతూ గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తొలుస్తుంది. ఈ వేటాడే నత్తల్లో నాటిసిడ్ అనే రకం వేసే చిల్లు బయట వెడల్పుగా, లోపల ఇరుకుగా గరాటులా ఉంటుంది. మ్యూరిసిడ్ అనే మరో రకం నత్తలది సాధారణంగా నిటారు గొట్టంలా ఉంటుంది. నాటిసిడ్ పని సగంలో ఆగిపోతే గుంట అడుగున చిన్న బుడిపె మిగులుతుంది. భూతద్దంలో అది కనిపిస్తే ఆ రోజంతా నాకు పండగే. ఈ చిల్లులకు 1981లో శిలాజ శాస్త్రవేత్త రిచర్డ్ బ్రోమ్లీ ఓయిక్నస్ అని పేరు పెట్టారు. అది చిల్లుకు పెట్టిన పేరు, నత్తకు కాదు.

అపోహ: చిల్లు ఉందంటే ఆ జీవిని ఏదో చంపి తినేసినట్టే.

వాస్తవం: గుల్లను ఇల్లుగా చేసుకున్నవీ ఉన్నాయి. పైన గుండుసూది పొడిచినట్టు చిల్లులు, లోపల ఒకదానికొకటి కలిసిన గదులు ఉంటే అది స్పాంజి అనే సముద్రజీవి కాపురం. అది తొలిచిన ఆ గుర్తును శిలాజాలు చూసే మేం ఎంటోబియా అంటాం. స్పాంజి గుల్లను తినదు, నీటిని వడకట్టుకుని బతుకుతుంది.

అసలు ప్రశ్న, ఇదంతా ఆల్చిప్ప బతికుండగా జరిగిందా, చచ్చాకా? తమిళనాడులోని అరియలూరు సున్నపురాయి పొరల్లో దొరికే గ్రిఫియా అనే పాతకాలపు ఆల్చిప్పలాంటి మందపాటి గుల్లను చేతిలోకి తీసుకుంటే ముందు లోపలి వైపు తిప్పి చూడండి. అక్కడ పురుగుల గొట్టాలు అంటుకుని ఉంటే, అవి చేరేనాటికి ఆల్చిప్ప చచ్చిపోయింది. బతికుంటే అక్కడ మాంసం ఉండేది కదా! అదే, తొలిచిన చోట లోపల కొత్త పొర వేసి పొక్కులా మూసేసిందంటే, అప్పటికది బతికే ఉంది.

అపోహ: వెనిగర్‌లో నానబెడితే గుల్ల బాగా శుభ్రపడుతుంది.

వాస్తవం: దయచేసి వద్దు. గుల్ల కాల్షియం కార్బొనేట్, ఆమ్లానికి కరిగిపోతుంది. సముద్రపు ముళ్లచెండు (సీ అర్చిన్) పళ్లతో గీకిన నక్షత్రం గుర్తులాంటి పలుచని గీతలే ముందు పోతాయి. మంచినీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. గుల్లను రాతిలోంచి ఊడదీసే ముందు ఏ వైపు పైకి ఉందో పెన్సిల్‌తో రాసుకోండి.