వెల్డింగ్ మిషన్‌లో ఏ నాబు దేనికి

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లలో ఒకప్పుడు మూడు రకాల అతుకులకు మూడు వేర్వేరు మిషన్లు ఉండేవి. రాడ్డు వెల్డింగుకు నలుగురు పట్టి కదపవలసిన ట్రాన్స్‌ఫార్మర్ మిషను, పల్చటి రేకులకు సిలిండర్‌తో సహా చక్రాల మీద దొర్లే సీఓటూ మిషను, స్టెయిన్‌లెస్ స్టీలుకూ అల్యూమినియానికీ ఆర్గాన్ మిషను. ఇప్పుడు ఆ మూడు పనులూ చేసే ఒకే పెట్టె అట్టపెట్టెలో వచ్చి బల్ల మీద కూర్చుంటోంది. లైనులో సెకనుకు 50 ఆవర్తనాలతో వచ్చే విద్యుత్తును ఈ పెట్టె ముందు డీసీగా మార్చి, ఐజీబీటీలనే స్విచ్‌లతో సెకనుకు కొన్ని వేల, పదుల వేల సార్లు తెంచి కలుపుతుంది. ఆవృత్తి పెరిగేకొద్దీ అదే శక్తిని మోయడానికి కావలసిన ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదవుతుంది కాబట్టే మిషను అంత తేలికయింది. అంతకంటే ముఖ్యమైన సంగతి, అంత వేగంగా తెంచి కలపగలిగినందువల్ల ఆర్క్‌లోని, అంటే రాడ్డు కొసకూ ప్లేటుకూ మధ్య మండే మెరుపులోని, కరెంటును ఏ క్షణాన ఎలా కావాలంటే అలా మలచడం సాధ్యమైంది. ముందు పలక మీది నాబులు చాలావరకు ఆ మలచడానికి ఏర్పడినవే.

వాటిలో అన్నిటికంటే పెద్ద మార్పు తెచ్చేది రాడ్డు, మిగ్, టిగ్ అని రాసి ఉండే ఎంపిక స్విచ్. దాన్ని చాలామంది గన్ను మార్చినప్పుడు తిప్పవలసిన మీటగానే చూస్తారు. నిజానికి అది మిషను స్వభావాన్నే మారుస్తుంది. రాడ్డు పద్ధతిలో, టిగ్‌లో, అంటే ఆర్గాన్ వెల్డింగ్‌లో, మిషను కరెంటును నిలిపి ఉంచుతుంది. మిగ్‌లో, అంటే మన షెడ్లలో సీఓటూ వెల్డింగ్ అని పిలిచే పద్ధతిలో, వోల్టేజీని నిలిపి ఉంచుతుంది. ఈ ఒక్క తేడా మనసుకు పడితే మిగిలిన సెట్టింగుల్లో చాలావాటి అర్థం దానంతట అదే తెలిసిపోతుంది.

రాడ్డు పట్టుకున్న చెయ్యి ఎంత అనుభవమున్నదైనా కొంత కదులుతుంది. చెయ్యి పైకి లేస్తే ఆర్క్ పొడవై వోల్టేజీ పెరుగుతుంది, దిగితే తగ్గుతుంది. ఆ ఒడుదొడుకులు ఎలా ఉన్నా కరెంటు దాదాపు ఒకేలా ఉంటే కరిగే లోహం కూడా ఒకే తీరున కరుగుతుంది. అందుకే అక్కడ మనం పెట్టే అంకె ఆంపియర్లు: 2.5 మి.మీ. 6013 రకం రాడ్డుకు 70 నుంచి 90, 3.15 మి.మీ. రాడ్డుకు 100 నుంచి 130 దాకా.

మిగ్‌లో సంగతి వేరు. అక్కడ రాడ్డుకు బదులు చుట్ట నుంచి వచ్చే తీగ కరుగుతుంది, దాన్ని మోటారు తోస్తుంది, అది మన చేతిలో లేదు. గన్ను కాస్త దగ్గరికి జరిగి ఆర్క్ పొట్టిదయిందనుకుందాం. మిషను వోల్టేజీని వదలకుండా పట్టుకుని ఉంది కాబట్టి కరెంటు ఒక్కసారిగా పెరుగుతుంది, పెరిగిన కరెంటుకు తీగ మరింత వేగంగా కరిగి వెనక్కి తగ్గుతుంది, ఆర్క్ మళ్ళీ పాత పొడవుకు చేరుతుంది. గన్ను దూరం జరిగితే ఇదంతా తిరగబడి జరుగుతుంది. మనిషి ప్రమేయం లేకుండా ఆర్క్ తన పొడవును తానే సరిదిద్దుకునే ఈ ఏర్పాటు నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యంగానే ఉంటుంది. దీన్నిబట్టే మరొక సంగతి తేలుతుంది. చాలా మిషన్ల మీద మిగ్‌లో ఆంపియర్లకు విడిగా నాబు ఉండదు. తీగ వేగం పెంచితే కరెంటు పెరుగుతుంది, వోల్టేజీ పెంచితే ఆర్క్ పొడవై అతుకు వెడల్పుగా, చదునుగా పరుచుకుంటుంది. 3 మి.మీ. ప్లేటును 0.8 మి.మీ. తీగతో అతికేటప్పుడు 18 నుంచి 20 వోల్టులు, కరెంటు 120 ఆంపియర్ల ప్రాంతంలో ఉండే తీగ వేగంతో మొదలుపెట్టి అక్కడి నుంచి సరిచూసుకోవచ్చు.

సరిచూసుకోవడం చెవితో జరుగుతుంది. ఈ శ్రేణిలో తీగ కొస కరిగిన మడుగును సెకనుకు కొన్ని పదుల నుంచి 200 సార్ల దాకా తాకి తెగుతూ ఉంటుంది. తిరగమోతలో ఆవాలు చిటపటలాడినట్లు ఎడతెగని శబ్దం వస్తే ఆ తాకిడి సమంగా ఉందని అర్థం. తీగ మరీ వేగంగా వస్తుంటే కొస ప్లేటును పొడుస్తూ గన్నును వెనక్కి తోస్తుంది. వోల్టేజీ మరీ ఎక్కువైతే చిటపట పోయి బుసకొట్టినట్లు వినిపిస్తుంది, కరిగిన లోహం పెద్ద బొట్లుగా రాలుతుంది. ఒక షెడ్డులో కొత్తగా పని నేర్చుకుంటున్న కుర్రవాడు రెండు నాబులూ ఒకేసారి తిప్పుతుంటే మేస్త్రీ అతని చెయ్యి పట్టుకుని, "ఒరేయ్ అబ్బాయ్, ఒకటి కదలకుండా ఉంచి రెండోది తిప్పు, లేకపోతే దేనివల్ల బాగుపడిందో నీకెలా తెలుస్తుంది?" అన్నాడు. ప్రయోగశాలలో నేర్పే పద్ధతి కూడా అదే.

ఇండక్టెన్స్ అనే నాబును మాత్రం చాలామంది కొన్నప్పుడు ఉన్నచోటే వదిలేస్తారు. తీగ మడుగును తాకిన క్షణాన షార్ట్ సర్క్యూట్ ఏర్పడి కరెంటు ఎగబాకుతుంది, ఆ కరెంటు పుట్టించే అయస్కాంత బలం తీగ మెడను నొక్కి బొట్టును తెంపుతుంది. కరెంటు మరీ తొందరగా ఎగబాకితే ఆ తెంపు పేలుడులా ఉండి చుట్టూ లోహపు చిందులు పడతాయి. ఇండక్టెన్స్ పెంచితే ఆ ఎగబాకే వేగం తగ్గుతుంది, చిందులు తగ్గి మడుగు పల్చగా పారుతుంది. మరీ పెంచితే ఆర్క్ వెలిగించడమే కష్టమవుతుంది. చిందులను గ్రైండరుతో గీకడానికి గంటలు ఖర్చుపెట్టే షెడ్లలో ఈ నాబుకు అర్ధగంట కేటాయించి చూస్తే ఫలితం కళ్ళకు కనిపిస్తుంది.

రాడ్డు పద్ధతిలో ఆర్క్ ఫోర్స్ చేసే పని దీనికి దగ్గరగా ఉంటుంది. రాడ్డును మరీ దగ్గరగా పట్టినప్పుడు వోల్టేజీ పడిపోవడాన్ని గమనించి, అతుక్కుపోకుండా మిషను ఆ క్షణానికి కొంత కరెంటు అదనంగా ఇస్తుంది. హాట్ స్టార్ట్ ఆర్క్ వెలిగించే మొదటి క్షణానికి సాయం చేస్తుంది; రాడ్డు అతుక్కునే పోతే యాంటీ స్టిక్ కరెంటును కోసేస్తుంది.

టిగ్‌లో ఆర్క్ కరగని టంగ్‌స్టన్ కొస నుంచి వెలుగుతుంది. ఆ కొసను రుణ ధ్రువానికి కలిపితే వేడిలో ఎక్కువ భాగం ప్లేటుకు వెళుతుంది, కొస నిలుస్తుంది. అల్యూమినియానికి ఆ ఏర్పాటు చాలదు. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగితే, దాని మీది ఆక్సైడు పొర 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు. కొస ధన ధ్రువంగా ఉన్న అర ఆవర్తనంలో ఆర్క్ ఆ పొరను చెదరగొడుతుంది, రుణ ధ్రువంగా ఉన్న అర ఆవర్తనంలో లోహాన్ని కరిగిస్తుంది. అందుకే ఏసీ కావాలి. ఆ రెండిటికీ ఎంతెంత సమయం ఇవ్వాలో నిర్ణయించేది బ్యాలెన్స్ నాబు. శుభ్రం చేసే వాటా పెంచుకుంటూ పోతే టంగ్‌స్టన్ కొస ఉండగట్టి లావవుతుంది.

మిగ్‌లో మామూలు తీగకు గన్ను ధన ధ్రువానికి ఉండాలి, గ్యాసు అక్కరలేని ఫ్లక్స్ కోర్ తీగల్లో చాలావాటికి రుణ ధ్రువానికి. తీగ చుట్ట మార్చిన ప్రతిసారీ గన్ను ఏ ధ్రువానికి ఉందో నిర్ణయించే, ముందున్న కేబుల్ పిన్నును కూడా చూసుకోవాలి.

పలక మీద కాకుండా వెనక రేకు మీద ముద్రించి ఉండే అంకె ఒకటుంది, మన ప్రాంతానికి అది చాలా ముఖ్యం. 200 ఆంపియర్ల దగ్గర 60 శాతం డ్యూటీ సైకిల్ అంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు వెల్డింగు చేసి నాలుగు నిమిషాలు ఆపాలని. కరెంటు తగ్గిస్తే ఆ వ్యవధి పెరుగుతుంది. అదే మిషను 155 ఆంపియర్ల దగ్గర దాదాపు ఆపకుండా నడుస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ అంకెలు 40 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు లెక్కగట్టినవి. మే నెలలో బెజవాడ ఎండకు కాలిన రేకుల షెడ్డు కింద ఆ 40 ఎప్పుడో దాటిపోయి ఉంటుంది, కాబట్టి రాసి ఉన్న ఆరు నిమిషాలను నమ్ముకోకూడదు. మిషను వేడెక్కిందని చెప్పే దీపం వెలిగినప్పుడు స్విచ్ ఆపేయడం కూడా పొరపాటే. లోపలి ఫ్యాను తిరుగుతూ ఉంటేనే అది చల్లబడుతుంది. ఆ ఫ్యానే గ్రైండింగు ధూళిని లోపలికి లాగుతుంది, ఆ ధూళి ఇనుము. సర్క్యూట్ బోర్డు మీద ఇనుప పొడి పేరుకుంటే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. గ్రైండింగుకు దూరంగా మిషనును పెట్టడం, ప్లగ్గు తీసి ఆగిన తరువాత పొడి గాలితో దుమ్ము ఊదించడం అలవాటు చేసుకోవాలి.

కొత్త మిషన్లలో సినర్జిక్ పద్ధతి కూడా ఉంటోంది. తీగ మందం, గ్యాసు, లోహం చెబితే వోల్టేజీనీ తీగ వేగాన్నీ అదే జతచేసి పెడుతుంది. మంచి సదుపాయమే, కానీ ప్లేట్ల మధ్య సందు ఎంత ఉందో, తుప్పు ఎంత పట్టిందో దానికి తెలియదు. ఒక మధ్యాహ్నం పాత ఛాసిస్ మీద ఆర్క్ నిలవక నేను రెండు గంటలు వోల్టేజీ, తీగ వేగం, ఇండక్టెన్స్ అన్నీ మార్చి చూశాను. చివరికి కరెంటు మిషనుకు తిరిగి వెళ్ళడానికి ఛాసిస్‌కు తగిలించే ఎర్త్ క్లాంపు తీసి చూస్తే దాని పళ్ళు పెయింటు మీదే ఆని ఉన్నాయి, కొరికిన చోట గోరంత మేర పెయింటు కాలి నల్లబడి ఉంది. గ్రైండరుతో అక్కడ తళతళలాడే దాకా గీకి క్లాంపు బిగించి, నాబులన్నీ ఉదయం ఉన్న అంకెలకే తెచ్చి గన్ను నొక్కాను. ఆవాల శబ్దం మొదలైంది.