ఫుట్టీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) సీజన్: అపోహలు - వాస్తవాలు (కాలింగ్‌వుడ్ 2023 సాక్షిగా ఒక ఫిజియో మాట)

పిల్లల్ని ఆస్‌కిక్ (చిన్నపిల్లల ఫుట్టీ ట్రైనింగ్) లో చేర్చిన పేరెంట్స్, ఆఫీసులో టిప్పింగ్ (ఎవరు గెలుస్తారో చెప్పే పోటీ) లో ఇరుక్కుని ఏ టీమ్ కి టిక్ పెట్టాలో తెలీనోళ్లు, కొత్తగా ఇండియా నుంచి దిగి టీవీలో చూసి "ఇదేం ఆట బాబూ" అనేవాళ్లు, అందరూ తిప్పి తిప్పి అవే ప్రశ్నలు అడుగుతారు. నేను మెల్‌బోర్న్ లో ఫిజియోని, వారమంతా క్లినిక్, చలికాలం శనివారాలు ఒక లోకల్ ఫుట్టీ క్లబ్ బెంచ్ దగ్గర టేపు, ఐసు పట్టుకుని ఉంటా. ఏఎఫ్ఎల్ (ఫుట్టీ టాప్ లీగ్) క్లబ్ లో పని చేయట్లేదు, అది ముందే చెప్పేస్తున్నా. కానీ వాళ్ల ఇంజరీ లిస్టు వారం వారం బయటికి వస్తది, మా ఫీల్డ్ లో వాళ్లం పాయింట్ల పట్టిక కంటే ముందు అదే చూస్తాం. ఉదాహరణకి ఒకటే సీజన్ తీసుకుంటా, మెల్‌బోర్న్ క్లబ్ కాలింగ్‌వుడ్ ఆడిన 2023, ఎందుకంటే సీజన్ అంటే అసలు నడిచేది ఒంట్లో మానే గాయాల క్యాలెండర్ మీద అని అంత క్లియర్ గా కనపడే ఏడాది ఇంకోటి నాకు తట్టట్లేదు.

అపోహ: రగ్బీ లాంటిదే, కండలుంటే చాలు

కాదండీ. గ్రౌండ్ లో ఒక్కో వైపు 18 మంది, క్రికెట్ గ్రౌండ్ మొత్తం వాళ్లదే, ఆఫ్‌సైడ్ అనేదే లేదు, బంతి విసరకూడదు, తన్నాలి లేదా పిడికిలితో కొట్టి ఇవ్వాలి. మధ్య పోస్టుల్లోంచి తన్నితే గోల్, 6 పాయింట్లు, పక్క సందులోంచి పోతే బిహైండ్, 1 పాయింటు. క్వార్టర్ 20 నిమిషాలే గానీ ఆట ఆగినప్పుడల్లా గడియారం కూడా ఆపుతారు కాబట్టి ఒక్కోటి 30 నిమిషాల దాకా సాగుద్ది, అలాంటివి నాలుగు, మిడ్‌ఫీల్డర్ అయితే 12 నుంచి 15 కిలోమీటర్లు పరిగెడతాడు, మధ్యమధ్యలో గుద్దుకోవడాలు, పడటాలు, లేచి మళ్లీ స్ప్రింట్. అసలు 1858లో టామ్ విల్స్ అనే క్రికెటర్, చలికాలంలో క్రికెట్ వాళ్లు బద్ధకించకుండా ఒక ఫుట్‌బాల్ క్లబ్ పెట్టుకుందాం అని పేపర్ కి ఉత్తరం రాశాడు, మరుసటి ఏడాదికి రూల్స్ కూడా రాసుకున్నారు. అంటే ఫిట్‌నెస్ కోసం మొదలైన ఆట ఇది, కండ కోసం కాదు.

"మావాడు పొట్టి, వీళ్లతో ఆడగలడా" అని అడిగే అమ్మలకి నేను చెప్పేది ఒకటే. ఆ 2023 టీమ్ లో మేసన్ కాక్స్ 211 సెంటీమీటర్లు, అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ ఆడి వచ్చినోడు. అదే టీమ్ లో బాబీ హిల్, కాక్స్ భుజం దాకా వస్తాడేమో అంతే. గ్రాండ్ ఫైనల్ లో 4 గోల్స్ కొట్టి, బెస్ట్ ప్లేయర్ కిచ్చే నార్మ్ స్మిత్ మెడల్ పట్టుకెళ్లింది హిల్. అంతకుముందు ఏడాది ఇంకో క్లబ్ లో ఉన్నప్పుడు అతనికి వృషణ క్యాన్సర్ బయటపడి ఆపరేషన్ కూడా అయింది.

అపోహ: మార్చి నుంచి సెప్టెంబర్ దాకా ఆడతారు, మిగతా అంతా సెలవలే

నవంబర్ లోనే ప్రీ-సీజన్ మొదలు, కుర్రోళ్లు ముందొస్తారు, సీనియర్లు కొంచెం లేటుగా. క్రిస్మస్ కి బ్రేక్, ఆ బ్రేక్ లో కూడా ఎంత పరిగెత్తాలో ప్రోగ్రామ్ చేతిలో పెట్టి పంపుతారు. జనవరి ఎండలో అసలు పని. ఈ నెలల్లో ఎవరైనా పిక్క పట్టేసి రెండు వారాలు ఆగిపోతే పేపర్లో చిన్న వార్త కూడా రాదు, మేం మాత్రం వాడి పేరు గుర్తు పెట్టుకుంటాం, ఎందుకంటే ప్రీ-సీజన్ ట్రైనింగ్ ఎక్కువ మిస్సయినోడికి సీజన్ మధ్యలో మళ్లీ ఏదో ఒకటి అయ్యే ఛాన్స్ ఎక్కువ. 2023లో అయితే అడిలైడ్ లో గ్యాదర్ రౌండ్ అని కొత్తగా పెట్టారు, అన్ని టీములూ ఒకే చోట ఆడటం, దాంతో ఒక్కో క్లబ్ కి మ్యాచ్‌లు 22 నుంచి 23 అయ్యాయి. ఒక మ్యాచే కదా అనకండి, ఒంటికి అది ఇంకో వారం.

అపోహ: హామ్‌స్ట్రింగ్ పోయిందంటే స్ట్రెచింగ్ సరిగ్గా చేయలేదన్నమాట

ఇది నా క్లినిక్ లో రోజూ వినేది, మన క్రికెట్ బ్యాచ్ దగ్గర కూడా. ఫుట్టీలో ఎక్కువ మ్యాచ్‌లు మింగేసే గాయాల్లో హామ్‌స్ట్రింగ్ ఎప్పుడూ ముందుంటది. ఫుల్ స్పీడ్ లో కాలు ముందుకి చాచి నేల తాకబోయే ఆ క్షణంలో తొడ వెనక కండరం సాగుతూనే బ్రేక్ వేయాలి, అక్కడే చిరుగుద్ది. గ్రౌండ్ పక్కన కాలు చాపి నిమిషం సేపు వంగినంత మాత్రాన ఆ బలం రాదు. పని చేసేవి రెండు: ఒకటి నార్డిక్ లాంటి ఎక్సర్‌సైజులు, మోకాళ్ల మీద నిలబడి, చీలమండలు ఎవరైనా పట్టుకుంటే, నెమ్మదిగా ముందుకి వాలడం. రెండోది వారంలో ఒకటి రెండు సార్లు నిజంగా టాప్ స్పీడ్ లో పరిగెత్తడం. వారమంతా జాగింగ్ చేసి శనివారం ఒక్కసారిగా స్ప్రింట్ కొట్టేవాడే నా టేబుల్ మీదకి వస్తాడు.

ఒకసారి పోతే కెరీర్ అయిపోయినట్టే అనేది కూడా తప్పే. కాలింగ్‌వుడ్ ప్లేయర్ డార్సీ మూర్ ని చూడండి, 2018లో హామ్‌స్ట్రింగ్ వల్లే సీజన్ చాలా వరకు పోయింది, ఆ ఏడాది క్లబ్ గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్తే ఇతను బయట కూర్చున్నాడు. 2023లో కప్పు ఎత్తిన కెప్టెన్ ఇతనే.

అపోహ: టేబుల్ టాప్ లో ఉంటే వచ్చే లాభం పేరు మాత్రమే

అసలు కథ ఇక్కడుంది. రెగ్యులర్ సీజన్ లో కాలింగ్‌వుడ్ 18 గెలిచి 5 ఓడి ఫస్ట్ వచ్చింది, కానీ దానికి కప్పు ఇవ్వరు. 2023లో టాప్ 8 ఫైనల్స్ ఆడాయి, మొదటి నలుగురికి రెండో ఛాన్స్ ఉంటది, ఒకటి ఓడినా ఇంటికి పోరు. ఐపీఎల్ లో క్వాలిఫయర్-1, ఎలిమినేటర్ అని 2011 నుంచి చూస్తున్నారు కదా, ఆ పద్ధతి పేరు పేజ్ ప్లేఆఫ్, పెర్సీ పేజ్ అని రిచ్‌మండ్ ఫుట్టీ క్లబ్ సెక్రటరీ పేరు మీద, ఇక్కడ 1931 నుంచి వాడారు. అంటే ఉప్పల్ లో కూర్చుని "ఓడినా ఇంకో ఛాన్స్ ఉంది లే" అనుకునే ప్రతి సన్‌రైజర్స్ అభిమానీ ఈ ఆటకి కొంచెం బాకీ.

ఆ రెండో ఛాన్స్ కంటే నాకు ముఖ్యమైంది వేరే ఉంది. టాప్ నాలుగులో ఉండి మొదటి ఫైనల్ గెలిస్తే తర్వాతి వారం సెలవు. ఇప్పుడు కాలింగ్‌వుడ్ ప్లేయర్ నిక్ డేకోస్ సంగతి చూడండి. ఆగస్టు 5న హాథోర్న్ టీమ్ తో మ్యాచ్ లో అతనికి మోకాలి దగ్గర ఎముక సన్నగా చీలింది. ఎముక కదా, కోచ్ బతిమాలితే త్వరగా అతుక్కోదు. సీజన్ లో ఆఖరి మూడు మ్యాచ్‌లు పోయాయి. ఆ ఏడాది ఫైనల్స్ కి ముందు అన్ని టీములకీ ఒక వారం ఖాళీ ఇచ్చారు, అది ఒకటి కలిసొచ్చింది. సెప్టెంబర్ 7న మెల్‌బోర్న్ టీమ్ మీద క్వాలిఫయింగ్ ఫైనల్ (టాప్ నాలుగు ఆడే ఆ మొదటి ఫైనల్) అతను లేకుండానే 7 పాయింట్లతో గెలిచారు, గెలిచారు కాబట్టి ఇంకో వారం సెలవు, సెప్టెంబర్ 22న ప్రిలిమినరీ ఫైనల్ (గ్రాండ్ ఫైనల్ కి ముందు మెట్టు) కి డేకోస్ దిగాడు. అదే ఆ 7 పాయింట్లు అటు పడి ఉంటే మరుసటి వారమే చావో రేవో మ్యాచ్, డేకోస్ స్టాండ్ లో. టాప్ లో ఉండటం వల్ల వచ్చింది ఒక వారం, ఆ వారం విలువ ఎముకకి తెలుసు.

(అదే గాయం అతనికి, సీజన్ మొత్తానికి బెస్ట్ ప్లేయర్ కిచ్చే బ్రౌన్‌లో మెడల్ కూడా దూరం చేసిందేమో. అంపైర్ల ఓట్లలో లాకీ నీల్ 31, బాంటెంపెల్లి 29, డేకోస్ 28. ఆడని ఆ మూడు మ్యాచ్‌ల గురించి కాలింగ్‌వుడ్ ఫ్యాన్ దగ్గర ఎత్తకండి, గంట పోద్ది.)

అపోహ: డబ్బున్న క్లబ్ స్టార్లని కొనేసుకుంటది

శాలరీ క్యాప్ ఉంది, కొత్త కుర్రోళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్ లో అడుగున ఉన్న టీమ్ కి ముందు ఛాన్స్, సాకర్ లాగా ట్రాన్స్‌ఫర్ ఫీజు కట్టి లాక్కెళ్లడాలు లేవు. ఇదే కాలింగ్‌వుడ్ 2021లో 17వ స్థానం. డేకోస్ వచ్చింది ఫాదర్-సన్ రూల్ కింద, తండ్రి పీటర్ డేకోస్ ఇదే క్లబ్ కి ఆడినోడు కాబట్టి. మూర్ కూడా అంతే, తండ్రి పీటర్ మూర్. వారసత్వం అని మనం సినిమాల మీద గొడవ పడతాం, ఇక్కడ రూల్ బుక్ లోనే రాసుకున్నారు.

అపోహ: మెత్తటి హెల్మెట్ పెట్టుకుంటే తలకి ఏం కాదు

దీన్ని మాత్రం సీరియస్ గా చదవండి. ఫుట్టీలో వాడేది ఫోమ్ టోపీ. చర్మం చిట్లకుండా, బొప్పి కట్టకుండా కొంత కాపాడొచ్చు, కానీ కంకషన్ అంటే పుర్రె లోపల మెదడు కుదుపుకి లోనవడం, దాన్ని ఆపుతుందని ఆధారం లేదు. క్రికెట్ హెల్మెట్ గట్టి పెంకు, బంతి దెబ్బ కోసం చేసింది, అది వేరు. పైన చెప్పిన అదే క్వాలిఫయింగ్ ఫైనల్ లో కాలింగ్‌వుడ్ ప్లేయర్ బ్రేడెన్ మేనార్డ్ కిక్ ని అడ్డుకోడానికి ఎగిరి మెల్‌బోర్న్ ఆటగాడు ఆంగస్ బ్రేషా ని గుద్దుకున్నాడు. బ్రేషా తలకి హెల్మెట్ ఉంది. అక్కడికక్కడే స్పృహ తప్పాడు, మళ్లీ మ్యాచ్ ఆడలేదు, 2024 ఫిబ్రవరిలో డాక్టర్ల సలహా మీద రిటైర్ అయ్యాడు, 28 ఏళ్లకి. ట్రిబ్యునల్ మేనార్డ్ ని వదిలేసింది, తర్వాత లీగ్ రూల్ మార్చుకుంది.

కంకషన్ అయితే ఏఎఫ్ఎల్ ప్లేయర్ 12వ రోజుకి ముందు ఆడకూడదు. లోకల్ క్లబ్బుల్లో 2024 నుంచి కనీసం 21 రోజులు, ఎందుకంటే మా దగ్గర ఫుల్ టైమ్ డాక్టర్లు ఉండరు. "వాడు బానే ఉన్నాడుగా, వచ్చే శనివారం సెమీస్" అని నాతో వాదించే నాన్నలు ఉన్నారు, నేను వినను. దెబ్బ తగిలిన రోజు మళ్లీ గ్రౌండ్ లోకి దిగకూడదు, తలనొప్పి పెరుగుతున్నా, వాంతులవుతున్నా, మత్తుగా పడిపోతున్నా నాకు ఫోన్ చేయొద్దు, 000 (ఇక్కడి ఎమర్జెన్సీ నంబర్) కి చేయండి.

అపోహ: దగ్గరి మ్యాచ్‌లు గెలవడం ఒట్టి లక్

2023 ఫైనల్స్ లో కాలింగ్‌వుడ్ గెలిచిన మార్జిన్లు: 7, 1, 4. మూడూ కలిపితే 12, అంటే రెండు గోల్స్. ఆ 1 పాయింటు ప్రిలిమినరీ ఫైనల్ లో జీడబ్ల్యూఎస్ (గ్రేటర్ వెస్టర్న్ సిడ్నీ) టీమ్ మీద. సరిగ్గా ఏడాది ముందు అదే స్టేజ్ లో సిడ్నీ మీద 1 పాయింటుతోనే ఓడారు. కాబట్టి లక్ లేదని నేను అనను. కానీ కోచ్ క్రెయిగ్ మెక్రే ఆఖరి నిమిషాల సీన్లు ప్రాక్టీస్ లో ఆడించడం, ఎవరు ఎక్కడ నిలబడాలో కంఠతా పట్టించడం అందరికీ తెలిసిందే, దానికి తోడు మ్యాచ్ మొత్తానికి బెంచ్ మీదోళ్లతో 75 మార్పులే అనుమతి, అవి ముందే ఖర్చు పెట్టేస్తే చివర్లో కాళ్లు రావు.

గ్రాండ్ ఫైనల్ సెప్టెంబర్ 30, ఎంసీజీ, 1,00,024 మంది. కాలింగ్‌వుడ్ 12 గోల్స్ 18 బిహైండ్స్, మొత్తం 90. బ్రిస్బేన్ 13 గోల్స్ 8 బిహైండ్స్, మొత్తం 86. ఎక్కువ గోల్స్ కొట్టినోడే ఓడాడు! ఆఖర్లో కాలింగ్‌వుడ్ కి డి గోయీ గోల్, వెంటనే సైడ్‌బాటమ్ దూరం నుంచి ఇంకోటి, ఆ వేడి మధ్యాహ్నం రెండు గంటలు పరిగెత్తాక ముప్పై దాటిన సైడ్‌బాటమ్ ఆ దూరం తన్నాడంటే అందులో లక్ వాటా ఎంతో, జనవరి వాటా ఎంతో మీరే లెక్కేసుకోండి.

అపోహ: కప్పు గెలిచిన టీమ్ కి మరుసటి ఏడాది ఈజీ

సెప్టెంబర్ చివరిదాకా ఆడినోళ్లకి రెస్ట్ తక్కువ, సీజన్ అంతా నెట్టుకొచ్చిన భుజాలకి, చీలమండలకి ఆపరేషన్లు అక్టోబర్ లోనే మొదలవుతాయి, మానేసరికి ప్రీ-సీజన్ సగం అయిపోద్ది. ఆగస్టులోనే ఇంటికి పోయిన టీములు అప్పటికే పరిగెత్తడం మొదలెట్టి ఉంటాయి. 2024లో కాలింగ్‌వుడ్ మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడింది, చివరికి 9వ స్థానం, ఫైనల్స్ కే రాలేదు.