రాజీనామా పత్రం వెనుక ఉన్న అద్దె ఒప్పందం

విశాఖలో దుకాణ ఉద్యోగుల వివాదం మళ్లీ రాజుకుంది. కొంతకాలంగా అమ్మకాలు పడిపోతున్న ఒక సూపర్ మార్కెట్ సంస్థ కొన్ని శాఖలను మూసివేసి, మిగిలిన శాఖల సిబ్బంది ముందు రెండు కాగితాలు పెట్టింది. మొదటిది రాజీనామా పత్రం. రెండోది, అదే దుకాణంలో అదే కౌంటర్ దగ్గర వేరే ఏజెన్సీ కింద కొత్తగా చేరుతున్నట్లు రాసిన నియామక పత్రం. మొదటిదాని మీద సంతకం పెడితేనే రెండోది చేతికిస్తామన్నారు. పెట్టనన్నవాళ్లు జీవీఎంసీ గాంధీ విగ్రహం దగ్గర బైఠాయించి, కార్మిక శాఖకు వినతిపత్రం ఇచ్చారు.

పెద్ద దుకాణాలు ఎలా వచ్చాయో, ఇంటికే సరుకులు తెచ్చిచ్చే యాప్‌లు వాటిని ఎలా దెబ్బతీశాయో పాఠకులకు తెలుసు. కానీ అమ్మకాలు తగ్గడం ఒకటి, ఉద్యోగి చేత రాజీనామా రాయించుకోవడం ఇంకొకటి. రెండోది అర్థం కావాలంటే 2022 ఫిబ్రవరి చివరి వారానికి వెళ్లాలి.

ఆ వారాంతంలో దేశవ్యాప్తంగా చాలా బిగ్ బజార్ దుకాణాలు తెరుచుకోలేదు. దానికి ముందు జరిగింది ఇది. 2020 ఆగస్టులో బిగ్ బజార్ యజమాని అయిన ఫ్యూచర్ గ్రూపు తన రిటైల్, టోకు, గిడ్డంగుల వ్యాపారాలను 24,713 కోట్ల రూపాయలకు రిలయన్స్‌కు అమ్మడానికి ఒప్పుకుంది. అంతకు ఏడాది ముందే అదే గ్రూపులోని ఫ్యూచర్ కూపన్స్ అనే కంపెనీలో 49 శాతం వాటా కొన్న అమెజాన్, ఈ అమ్మకం తమ ఒప్పందానికి విరుద్ధమంటూ సింగపూర్ మధ్యవర్తిత్వ కేంద్రానికి వెళ్లింది. అక్కడి నుంచి ఢిల్లీ హైకోర్టు, సుప్రీంకోర్టు, కాంపిటీషన్ కమిషన్ దాకా వ్యాజ్యాలు నడిచాయి. అన్నిచోట్లా వాదించుకున్నది వాటాల గురించి, ఒప్పందాల్లోని షరతుల గురించి.

కేసులు తేలకుండానే దుకాణాలు చేతులు మారాయి. కరోనా కాలంలో ఫ్యూచర్ అద్దెలు కట్టలేకపోయింది. భవనాల యజమానులతో రిలయన్స్ నేరుగా లీజులు రాయించుకుని, అవే భవనాలను తిరిగి ఫ్యూచర్‌కు ఉప అద్దెకు ఇచ్చింది. అద్దె బకాయిలు పేరుకుపోయాక ఆ ఉప లీజులను రద్దుచేసి, దుకాణాలను స్వాధీనం చేసుకోవడం మొదలుపెట్టింది. ఫ్యూచర్ సంస్థలకు లీజు రద్దు నోటీసులు అందిన దుకాణాలు మొత్తం 947. తర్వాత వాటిలో చాలావాటికి రిలయన్స్ వారి స్మార్ట్ బజార్ బోర్డులు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో, బిగ్ బజార్‌ను నడిపిన ఫ్యూచర్ రిటైల్ కంపెనీకి అప్పులిచ్చిన బ్యాంకులు అమ్మకాన్ని తిరస్కరిస్తూ ఓటు వేశాయి, అసలు ఒప్పందమే రద్దయింది. కంపెనీ అమ్ముడుపోలేదు, దుకాణాలు మాత్రం కొత్త చేతుల్లోకి వెళ్లిపోయాయి.

ఈ వివాదానికి మలుపు అక్కడే ఉందని నేను అనుకుంటున్నాను. రిలయన్స్ ఆ దుకాణాల సిబ్బందిని పనిలోకి తీసుకోవడానికి ముందుకు వచ్చింది, నిజమే. చాలా కుటుంబాలు దానివల్లే నిలబడ్డాయి. కానీ కొత్త ఉద్యోగం వేరు, పాత ఉద్యోగం కొనసాగడం వేరు. అప్పట్లో అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ఎఫ్ అనే సెక్షన్ ఉండేది. దాని ప్రకారం సంస్థ ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ అయినప్పుడు ఉద్యోగి సర్వీసుకు అంతరాయం ఉండకూడదు, కొత్త యజమాని దగ్గర షరతులు పాతవాటికంటే తగ్గకూడదు. అలా కాని పక్షంలో ఉద్యోగిని తొలగించినట్లే లెక్కగట్టి నష్టపరిహారం చెల్లించాలి. అయితే చేతులు మారింది సంస్థ కాదు, గోడలూ కప్పూ ఉన్న భవనం మాత్రమే అన్నప్పుడు ఆ సెక్షన్‌ను పట్టుకోవడం ఉద్యోగికి చాలా కష్టం. సిబ్బందితో ఉన్న బాధ్యతను పక్కనపెట్టి దుకాణాన్ని మాత్రం నడుపుకోవచ్చని మొత్తం రిటైల్ రంగానికి ఆ వారంలో తెలిసివచ్చింది.

దీని ఫలితం ఒక మహిళా ఉద్యోగి ఫోనులోని భవిష్యనిధి (పీఎఫ్) పాస్‌బుక్‌లో స్పష్టంగా కనిపిస్తుంది. పెందుర్తి నుంచి రోజూ బస్సులో వచ్చే ఆమె బిల్లింగ్ కౌంటర్‌లో పనిచేస్తారు. ఉద్యోగం మారినా మారని పీఎఫ్ గుర్తింపు సంఖ్య, అంటే యూఏఎన్ నంబరు ఒకటే, దాని కింద సభ్యత్వ సంఖ్యలు రెండు. మొదటిది 2018 జూన్‌లో మొదలై 2022 మార్చిలో ఆగింది. అది అప్పట్లో మూతపడిన దుకాణానిది. రెండోది 2022 ఏప్రిల్ నుంచి ఇప్పటి సంస్థది. మొదటి ఖాతాలోని సొమ్ము రెండోదానికి బదిలీ అయింది కాబట్టి సర్వీసు కూడా కలిసే ఉందని ఆమె ఇంతకాలం అనుకున్నారు. ఉద్యోగం మానేటప్పుడు యజమాని ఇచ్చే గ్రాట్యుటీ సొమ్ముకు ఒకే యజమాని దగ్గర అయిదేళ్లు నిండాలి. మొదటిచోట నాలుగేళ్లు కూడా కాలేదు. రెండోచోటా అయిదేళ్లు నిండకముందే ఇప్పుడు రాజీనామా అడుగుతున్నారు. గ్రాట్యుటీ లెక్క ప్రకారం నెలకు 13,000 రూపాయల మూలవేతనం మీద ఏడాదికి 7,500 వస్తుంది. రెండు చోట్లా కలిపి ఏడేళ్లు దాటి నిలబడి బిల్లులు కొట్టిన మనిషికి ఆ లెక్కలో దక్కేది సున్నా.

మరి నేరుగా తొలగించకుండా రాజీనామానే ఎందుకు అడుగుతున్నారు? ఏడాది నిరంతర సర్వీసు ఉన్న కార్మికుణ్ణి తొలగించాలంటే నెల నోటీసు లేదా నెల జీతం, పైగా పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలన్నది పాత చట్టంలోని 25ఎఫ్ నిబంధన. తనంతట తాను మానుకున్నవారికి అది వర్తించదు. గడువు తీరిన ఒప్పందాన్ని పునరుద్ధరించకపోవడం కూడా తొలగింపు కిందికి రాదని 1984లో చట్టంలో చేర్చారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ మినహాయింపులను అలాగే ఉంచింది. తొలగించిన కార్మికుడికి అదనంగా 15 రోజుల వేతనం నైపుణ్య నిధి నుంచి అందాలని కొత్త కోడ్ చెబుతోంది, రాజీనామా రాసినవారికి అదీ ఉండదు. ఆ ఒక్క సంతకం విలువ ఎంతో యాజమాన్యానికి బాగా తెలుసు.

ఇక మూసివేతకు ప్రభుత్వ అనుమతి సంగతి. పెద్ద సంఖ్యలో సిబ్బందిని తీసేయాలంటే ముందస్తు అనుమతి కావాలన్న నియమం కర్మాగారాలు, గనులు, తోటలకే పరిమితం. పాత చట్టంలో 100 మంది, కొత్త కోడ్‌లో 300 మంది అన్న పరిమితి మీద ఎన్నో చర్చలు జరిగాయి కానీ, దుకాణాలు అప్పుడూ ఇప్పుడూ ఆ జాబితాలో లేవు. ఒక దుకాణంలో ఎంతమంది పనిచేస్తున్నా షట్టరు దించడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు.

యాజమాన్యం వాదన ఇది: నష్టాలు భరించలేని స్థితికి చేరాయి, ఏజెన్సీ కిందికి మారితే కనీసం ఉద్యోగాలు మిగులుతాయి, జీతాలు తగ్గించడం లేదు.

కంపెనీ పూర్తిగా కుప్పకూలితే ఇంకా నష్టమని కొందరు ఉద్యోగులు కూడా భయపడుతున్నారు. ఆ భయానికి ఆధారం ఉంది. ఫ్యూచర్ రిటైల్ 2022 జులైలో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కొనేవారు కుదరక 2024 జులైలో ముంబయిలోని కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి అప్పులు తీర్చడానికి, ఆదేశించింది. దివాలా చట్టం 53వ సెక్షన్ ప్రకారం ముందుగా ప్రక్రియ ఖర్చులు తీరాలి. తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, హామీ ఉన్న బ్యాంకు అప్పులు సమాన స్థాయిలో వస్తాయి. కార్మికుల నిర్వచనంలోకి రాని ఉద్యోగుల 12 నెలల జీతాలు వాటి వెనుక నిలబడతాయి. దుకాణాల్లో ఇది చిన్న తేడా కాదు. టీమ్ లీడర్, ఫ్లోర్ ఇన్‌ఛార్జి అన్న హోదాలు ఇచ్చి, పర్యవేక్షకులు కాబట్టి కార్మికులు కారని తర్వాత వాదించడం ఈ రంగంలో మామూలు. రోజంతా ర్యాకులు సర్దేవారి గుర్తింపు కార్డు మీద కూడా ఆ హోదాలు కనిపిస్తాయి.

ఉక్కు కర్మాగారం, పోర్టు, షిప్‌యార్డు ఉన్న ఊరిలో కార్మిక సంఘాలకు కొదవ లేదు. కానీ 2022 ఫిబ్రవరిలో నగరం దృష్టంతా ఉక్కు ప్రైవేటీకరణ మీదే ఉంది. కూర్మన్నపాలెం శిబిరంలో దీక్షలు అప్పటికి ఏడాది దాటాయి. ఆ పోరాటం న్యాయమైనదే. అయితే దుకాణ ఉద్యోగుల వైపు ఎవరూ చూడలేదు. వాళ్లు శాఖల వారీగా చెదిరి ఉంటారు. ఒకే వరుసలో నిలబడి పనిచేసేవారిలో కొందరు కంపెనీ రోల్స్‌లో, కొందరు ఏజెన్సీలో, సబ్బులూ షాంపూలూ అమ్మే ప్రమోటర్లు ఆయా బ్రాండ్ల జీతాల్లో ఉంటారు. సంఘం పెట్టుకోవాలన్నా అందరికీ ఒకే యజమాని ఉండడు.

ఈసారి మాత్రం వాళ్లు ఒక మాట మీద నిలిచారు. ఏజెన్సీ కింద పనిచేయడానికి చాలామంది సిద్ధమే. వాళ్లు కోరుతున్నది రాజీనామా లేకుండా బదిలీ, కొత్త నియామక పత్రంలో పాత చేరిక తేదీ, ఇప్పటివరకు చేసిన సర్వీసు బాధ్యతను ఎవరు తీసుకుంటారో రాతపూర్వకంగా ఒక వాక్యం. జీతం తగ్గదని నోటితో చెబుతున్న యాజమాన్యం, ఆ తేదీని కాగితం మీద రాయడానికి ఇంకా ఒప్పుకోలేదు.