భూమి వేడి, సర్కారు డబ్బు: అపోహలు - వాస్తవాలు

భూమి లోపలి వేడితో కరెంటు తీయడానికి లోతు నుంచి వేడినీళ్లు పైకి తెస్తారు, ఆ నీళ్లలో ఏముందో టెస్ట్ చేసే పని నాది. ఆ మాట చెప్పగానే అవతలివాళ్లు అడిగేది ఒకటే: "వేడి ఊరికే వస్తుంది కదా, మళ్లీ సర్కారు డబ్బెందుకు?"

అపోహ: వేడి ఉచితం, కాబట్టి పెట్టుబడి పెద్దగా అక్కర్లేదు.

వేడి ఉచితమే, బోరు కాదు. అప్పు చేసి వేసిన బోరులో నీళ్లు పడకపోతే రైతు పరిస్థితి ఏంటో మనకి వేరే చెప్పాలా? ఇదీ అదే జూదం, కాకపోతే లోతు రెండు మూడు కిలోమీటర్లు, ఖర్చు కోట్లలో. వేడి తగిలి నీళ్లు సరిగ్గా పారకపోయినా ఫెయిలే. అందుకే మొదటి బోరుకి బ్యాంకులు మొహం చాటేస్తాయి, సర్కారు డబ్బు పనికొచ్చేది సరిగ్గా అక్కడే. ఐస్‌లాండ్‌లో ప్రభుత్వ నిధి నుంచి బోర్లకి అప్పిచ్చి, ఫెయిలైతే మాఫీ చేశారు; ఈరోజు అక్కడ పదిళ్లలో తొమ్మిదింటిని వెచ్చగా ఉంచేది భూమి వేడే. కెన్యా అయితే 2008లో ఏకంగా ప్రభుత్వ సంస్థే పెట్టింది, అది బోర్లు వేసి ఆవిరి అమ్ముతుంది, ప్లాంటు ప్రైవేటు వాళ్లు కట్టుకుంటారు. యూనిట్‌కి ఇంత అని సబ్సిడీ ఇచ్చేకన్నా నాకు ఇదే నచ్చుతుంది.

అపోహ: వేడినీటి బుగ్గ ఉంటే చాలు, ప్లాంటు పెట్టేయొచ్చు.

మణుగూరు దగ్గర పగిడేరులో కేంద్ర బొగ్గు శాఖ నిధులతో సింగరేణి పెట్టిన ప్రయోగాత్మక ప్లాంటు 20 కిలోవాట్లు. అంటే ఓ ఐదు 5 హెచ్‌పీ మోటార్లు నడిచేంత. అక్కడి నీళ్లు మరిగేంత వేడి కావు, అందుకే తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవాన్ని ఆవిరి చేసి టర్బైన్ తిప్పుతారు. చిన్నదని నవ్వక్కర్లేదు, నేర్చుకోడానికి పెట్టింది అది. దేశం మొత్తం మీద భూమి వేడితో 10,600 మెగావాట్లు తీయొచ్చని తిరిగే అంకె మాత్రం అంచనా, బోర్లు వేసి కొలిచింది కాదు.

అపోహ: ఆ నీళ్లలో బ్యాటరీలకి వాడే లిథియం ఉంది, అమ్ముకుంటే ఖర్చంతా వచ్చేస్తుంది.

ఇది వింటే నాకు టెన్షన్. అమెరికాలోని కాలిఫోర్నియాలో సాల్టన్ సీ అనే ఉప్పు సరస్సు దగ్గర పైకొచ్చే ఉప్పునీళ్లలో లిథియం ఉన్నమాట నిజం, కిలోకి సుమారు 200 మిల్లీగ్రాములు. కానీ ఆ నీళ్ల బరువులో దాదాపు పావు వంతు లవణాలే, పైగా ఇనుము, మాంగనీసు, జింకు, సిలికా (ఇసుకలో ఉండేదే). వేడినీళ్లు సీసాలో పట్టినప్పుడు అద్దంలా ఉంటాయి, చల్లారేకొద్దీ సిలికా విడిపోయి మజ్జిగ తేటలా మసకబారతాయి, అందుకే పట్టిన వెంటనే డిస్టిల్డ్ వాటర్ కలిపి పలచన చేస్తాం. సీసాలో అయితే కలిపేస్తాం సరే, పైపుల్లో? అక్కడ రాయిలా పేరుకుపోతుంది. అదే సాల్టన్ సీ దగ్గర 2002లో జింకు తీయడం మొదలుపెట్టారు, 2004లో మూసేశారు. ఆ తర్వాత లిథియం ప్రయోగాలకి అమెరికా ఇంధన శాఖ, కాలిఫోర్నియా ఎనర్జీ కమిషన్ గ్రాంట్లు ఇచ్చింది కూడా ఈ గొడవ తేల్చడానికే.

అపోహ: ఇచ్చిన డబ్బు పోయినట్టే.

పోయినట్టే అనలేం, పన్ను రూపంలో తిరిగి రావచ్చు. కాలిఫోర్నియా 2022లోనే లిథియం మీద పన్ను చట్టం చేసింది: మొదటి 20,000 టన్నులకి టన్నుకి 400 డాలర్లు, ఆపైన 600, 30,000 టన్నులు దాటితే 800. ఆ పన్నులో ఎక్కువ వాటా లిథియం తీసే చోటి కౌంటీలకే (మన జిల్లాల్లాంటివి). సరుకు పెద్ద ఎత్తున బయటికి రాకముందే వాటాలు తేల్చేశారన్నమాట, మన దగ్గర బోరు వేయకముందే గట్టు తగాదా మొదలైనట్టు.