యూనియన్ చందా, జీతం, పార్టీ విరాళం: అపోహలు - వాస్తవాలు

యూనియన్ల లెక్కలు రాయడం, ఏటా రిజిస్ట్రార్‌కి రిటర్నులు వేయించడం నా పని. ఎన్నికలు దగ్గరపడ్డాయంటే సభ్యుల దగ్గర్నుంచి ఇవే మాటలు.

అపోహ: మన యూనియన్ ఫలానా పార్టీది, కాబట్టి చందా పార్టీకే పోతుంది.

పోకూడదు. ఏఐటీయూసీ, ఐఎన్‌టీయూసీ, సీఐటీయూ, బీఎంఎస్, ఏదైనా సరే, జెండా రంగు వేరు, డబ్బు లెక్క వేరు. మామూలు చందా జనరల్ ఫండ్‌లో, అంటే యూనియన్ రోజువారీ పనుల నిధిలో పడుతుంది. దాన్ని దేనికి ఖర్చుపెట్టొచ్చో 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం 15వ సెక్షన్‌లో జాబితా ఉండేది: ఆఫీసు ఖర్చులు, ఆడిట్, కోర్టు కేసులు, యాజమాన్యంతో వివాదాలు, సభ్యుడు జబ్బుపడినా చనిపోయినా ఇచ్చే సాయం, ఇలాంటివి. అభ్యర్థి ప్రచార ఖర్చు అందులో లేదు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ జాబితాను చట్టంలోంచి తీసి రూల్స్‌కి వదిలేసింది. నాకది నచ్చలేదు, ఎందుకంటే రూల్స్ మార్చాలంటే ప్రభుత్వానికి ఒక నోటిఫికేషన్ చాలు.

అపోహ: యూనియన్ రాజకీయాలకు పైసా కూడా ఖర్చుపెట్టకూడదు.

ఇది మేనేజ్‌మెంట్లకి బాగా ఇష్టమైన అపోహ. పాత చట్టం 16వ సెక్షన్ ప్రకారం విడిగా పొలిటికల్ ఫండ్ పెట్టుకోవచ్చు, కొత్త కోడ్‌లోనూ ఆ వీలు ఉంది. అసెంబ్లీకో, పార్లమెంటుకో, మున్సిపాలిటీకో నిలబడ్డ అభ్యర్థి ఖర్చులు, సభలు, కరపత్రాలు, చివరికి గెలిచిన సభ్యుడి పోషణ కూడా దీన్నుంచి పెట్టొచ్చని పాత చట్టం స్పష్టంగా చెప్పింది. షరతల్లా ఆ డబ్బు ఆ పేరు చెప్పి విడిగా వసూలు చేసినదై ఉండాలి. జనరల్ ఫండ్‌లో మిగిలింది కదా, ఇప్పుడు వాడేసి తర్వాత సర్దేద్దాం అంటే కుదరదు (ట్రెజరర్ల నోట నేను ఎక్కువగా వినేది ఈ మాటే). బ్రిటన్‌లో 1909 ఆస్బోర్న్ తీర్పు యూనియన్ల రాజకీయ ఖర్చుని పూర్తిగా ఆపేస్తే, 1913 చట్టం విడి ఫండ్ పద్ధతిలో దారి తెరిచింది. మనవాళ్లదీ అదే దారి.

చిక్కు వచ్చేది సరిహద్దు దగ్గర. 2021 నుంచి విశాఖ ఉక్కు ప్రైవేటీకరణ మీద నడిచిన ఉద్యమం లాంటి వాటిలో టెంటు, మైకు ఖర్చు జనరల్ ఫండ్‌లో రాస్తే నేను అభ్యంతరం పెట్టను, అది ఉద్యోగాల గొడవ. అదే వేదిక మీద ఒక అభ్యర్థికి ఓటెయ్యమని అడిగారనుకోండి, ఆ బిల్లు పొలిటికల్ ఫండ్‌కే రాయమంటాను.

అపోహ: కమిటీ తీర్మానం చేసింది, పొలిటికల్ ఫండ్‌కి అందరూ ఇవ్వాల్సిందే.

ఎంత పెద్ద కమిటీ అయినా బలవంతపెట్టలేదు. ఇవ్వనన్నంత మాత్రాన సభ్యత్వం ఆపకూడదు, కేసు పట్టించుకోకుండా వదిలేయకూడదు, సాయం తగ్గించకూడదు. పొలిటికల్ ఫండ్ ఇస్తేనే చేర్చుకుంటాం అనడం కూడా చెల్లదు. ఇవ్వనివాళ్లకి పోయేదల్లా ఆ ఫండ్ నిర్వహణలో మాట చెప్పే అవకాశం, అంతే. జీతం ఏరియర్స్ (బకాయిలు) పడిన నెలలో మనిషికింత అని లెవీ వేసి, రసీదు మీద ఉత్త 'చందా' అని రాసిచ్చే చోట్ల మాత్రం గట్టిగా అడగండి, ఇది ఏ ఫండ్‌కి అని.

అపోహ: చందా అయినా, పార్టీ విరాళం అయినా జీతంలోంచే కట్ చేయించొచ్చు.

యూనియన్ సభ్యత్వానికి కట్టాల్సిన రుసుమైతే, మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే చేయొచ్చు, వేతనాల కోడ్ 18వ సెక్షన్ దానికి ఒప్పుకుంటుంది. ప్రధానమంత్రి జాతీయ సహాయ నిధికీ అలాగే. పార్టీ విరాళం ఆ జాబితాలో లేదు. పొలిటికల్ ఫండ్ అసలు సభ్యత్వానికి షరతే కాకూడదు కాబట్టి దాన్ని సభ్యత్వ రుసుములో కలిపి కోయడం కూడా తప్పేనని నా అభిప్రాయం.

అపోహ: ప్రభుత్వ ఉద్యోగులకీ ఇవే రూల్స్.

కాదు. కేంద్ర ఉద్యోగుల సంఘానికి గుర్తింపు కావాలంటే 1993 రూల్స్ ప్రకారం పొలిటికల్ ఫండ్ ఉండనే కూడదు. ఉద్యోగి సొంతంగా పార్టీకి చందా ఇవ్వడమూ ప్రవర్తనా నియమాల కింద తప్పే.

ఇంకా అనుమానంగా ఉంటే యూనియన్ ఆఫీసుకి వెళ్లి లెక్కల పుస్తకాలు చూపించమనండి. ఆ హక్కు సభ్యులకి 1926 చట్టం నాటి నుంచీ ఉంది.