ఎగిరేటప్పుడు గొలుసు, తగిలేటప్పుడు గునపం

"నూరుమందితో ఒకరి తరువాత ఒకరుగా పోరాడి చివరిదాకా నిలబడగలిగిన కరాటే గురువు శరీరంలో ఏముంటుంది? అది కండబలమా, లేక జపానువారు 'కి' అనీ మనవారు ప్రాణశక్తి అనీ చెప్పుకునేది నిజంగానే ఏదైనా ఉందా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఈ ప్రశ్న చేతికి అందిన నాటినుంచి నా మనసు మరో విషయం మీద నిలవడం లేదు. కండరాన్ని ఎంత గట్టిగా బిగించగలడన్న దానికన్నా, బిగించిన కండరాన్ని ఎంత త్వరగా వదులు చేయగలడన్న దానిలోనే ఆ గురువు నైపుణ్యం చాలావరకు దాగి ఉందని నా నమ్మకం. ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాటను విప్పిచెప్పడానికే.

కరాటే చరిత్రలోకి, ఒకినావా దీవినుంచి అది జపాను ప్రధాన భూభాగానికి చేరిన వైనంలోకి నేను వెళ్లను. ఫుల్ కాంటాక్ట్ కరాటే అన్న మాటకు అర్థం మాత్రం చెప్పాలి. సాధారణ క్రీడా కరాటేలో దెబ్బను అదుపులో ఉంచుకుని పాయింట్లు సంపాదిస్తారు. ఫుల్ కాంటాక్ట్ పద్ధతిలో దెబ్బను పూర్తి బలంతో వేస్తారు. ఈ పద్ధతికి ఆద్యుడిగా చెప్పుకునే మసుతాత్సు ఒయామా 1923లో కొరియాలో పుట్టి, చిన్న వయసులోనే జపాను చేరి, 1964లో టోక్యో కేంద్రంగా క్యోకుషిన్ సంస్థను స్థాపించాడు. క్యోకుషిన్ అంటే పరమ సత్యం అని అర్థం. ఈ పోటీలలో చేతికి గ్లవ్స్ ఉండవు, ఒంటికి రక్షణ కవచాలు ఉండవు. చేతితో ముఖం మీద గుద్దకూడదు గానీ తలమీదికి కాలితో తన్నవచ్చు. ఈ సంప్రదాయంలో అన్నింటికన్నా కఠినమైన పరీక్షను హ్యాకునిన్ కుమితే, అంటే నూరుమంది పోరు, అంటారు. ఒక్కో పోరు ఒకటిన్నర నిమిషం అనుకున్నా మొత్తం 150 నిమిషాలు అవుతుంది. ప్రతి పోరుకూ ఎదుటివాడు అలసట తీర్చుకుని వస్తాడు, పరీక్ష ఇచ్చేవాడు మాత్రం ఒక్కడే. ఒయామా తరువాత దీనిని మొదట పూర్తి చేసినవాడు 1965లో స్టీవ్ ఆర్నీల్. 1986లో అకియోషి మత్సుయి, 1995లో బ్రెజిల్ దేశస్థుడు ఫ్రాన్సిస్కో ఫిల్హో పూర్తి చేశారు. ఇన్ని దశాబ్దాలలో పూర్తి చేసినవారి సంఖ్య చాలా చిన్నది.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక ఇనుప గొలుసును చేతిలో పట్టుకుని విసిరితే, లంకెలన్నీ వదులుగా ఉంటాయి కనుక వేగం ఒక లంకెనుంచి మరొక లంకెకు చేరుతూ చివరి లంకె దగ్గర అత్యధికమవుతుంది. అయితే తగిలేది ఆ చివరి లంకె బరువు మాత్రమే. గునపంతో పొడిస్తే దాని బరువంతా మొనమీదికి వస్తుంది. అయితే బరువైన గునపాన్ని అంత వేగంగా కదిలించలేము. గాలిలో ఉన్నంతసేపూ గొలుసుగా ఉండి, తగిలే క్షణంలో గునపంగా మారిపోయే వస్తువు ఏదైనా ఉంటే దాని దెబ్బకు తిరుగుండదు. కరాటే గురువు చేయి అటువంటి వస్తువు. నేల మీద పాదం ఊనుకుంటుంది, నడుము తిరుగుతుంది, దాని వెనుక మొండెం, ఆపైన భుజం, మోచేయి, చివరకు పిడికిలి. ఒక్కో భాగం తన గరిష్ఠ వేగాన్ని అందుకుని, నెమ్మదించి, ఆ వేగాన్ని తరువాతి భాగానికి అప్పగిస్తుంది. ఈ క్రమంలో ఏ ఒక్క కీలు ముందుగానే బిగుసుకున్నా గొలుసు అక్కడ తెగినట్టే.

దీనిలోని లెక్క సులభం. ముంజేయి, పిడికిలి కలిసి సుమారు 1.5 కిలోలు ఉంటాయనీ, పిడికిలి సెకనుకు 10 మీటర్ల వేగంతో వెళుతోందనీ అనుకుందాం. ద్రవ్యరాశిలో సగాన్ని వేగం వర్గంతో గుణిస్తే గతిజ శక్తి 75 జౌళ్లు వస్తుంది. అదే వేగంతో తగిలే క్షణంలో మణికట్టు, మోచేయి, భుజం ఒకేసారి బిగిసి, మొండెంలో కొంత బరువు కూడా పిడికిలి వెనుకకు చేరి, దెబ్బలో పాలుపంచుకునే ద్రవ్యరాశి 3 కిలోలు అయితే శక్తి 150 జౌళ్లకు చేరుతుంది. కండ ఏమీ పెరగలేదు, సమయం మాత్రమే కుదిరింది. ఆ క్షణాన్ని జపాను గురువులు 'కిమె' అంటారు.

1979లో సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో కరాటే భౌతికశాస్త్రం గురించి ఒక వ్యాసం వచ్చింది. దానిని రాసిన ముగ్గురిలో ఒకరు రొనాల్డ్ మెక్‌నెయిర్. భౌతికశాస్త్రంలో డాక్టరేటు, కరాటేలో బ్లాక్ బెల్టు రెండూ ఉన్న ఈ వ్యోమగామి 1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్ష నౌక ప్రమాదంలో మరణించారు. పిడికిలి గరిష్ఠ వేగాన్ని అందుకునేది చేయి పూర్తిగా చాచినప్పుడు కాదనీ, సుమారు నాలుగింట మూడొంతులు చాచినప్పుడనీ వారు క్షణక్షణానికి తీసిన ఛాయాచిత్రాల ఆధారంగా చూపారు. పగలగొట్టవలసిన పలక మీద కాకుండా దాని వెనుక కొన్ని అంగుళాల దూరంలో గురి పెట్టమని గురువులు తరతరాలుగా చెబుతున్న మాటకు ఆధారం ఇదే. పెంకులు పగలగొట్టే ప్రదర్శనలను చూసి అతీతశక్తి అని నమ్మేవారికి కూడా ఇక్కడే సమాధానం దొరుకుతుంది. మనిషి ఎముక కాంక్రీటుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఒత్తిడిని తట్టుకోగలదు. పలకల మధ్య ఖాళీ వదిలితే ఒక పలక పగిలి మరొకదాని మీద పడుతూ పని మరింత తేలికవుతుంది.

వదులు కావడం ఎందుకంత కష్టమో చెప్పాలంటే కండరం లోపలికి వెళ్లక తప్పదు. మెదడునుంచి సంకేతం అందగానే కండర కణంలోని సన్నటి అరలలో దాచి ఉన్న కాల్షియం బయటికి వస్తుంది, దాని వల్ల మయోసిన్ అనే ప్రొటీన్ పోగులు ఆక్టిన్ అనే మరో ప్రొటీన్ పోగులను పట్టుకుని లాగుతాయి, అదే సంకోచం. ఆ పట్టు విడవాలంటే ప్రతి మయోసిన్ తలకూ ఏటీపీ అనే శక్తి అణువు ఒకటి వచ్చి అతుక్కోవాలి, బయటికి వచ్చిన కాల్షియాన్ని తిరిగి అరలలోకి తోడిపోయడానికి మరింత ఏటీపీ ఖర్చు కావాలి. పట్టుకోవడానికే కాక వదలడానికి కూడా శరీరం మూల్యం చెల్లిస్తుందన్న మాట. ప్రాణం పోయిన కొన్ని గంటలకు శవం కొయ్యబారిపోవడానికి కారణం ఇదే: ఏటీపీ అయిపోయింది, పట్టిన పట్టు విడిపించేవారు లేరు. ఈ విషయాన్ని మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. విశ్రాంతిని మనం ఏమీ చేయకపోవడం అనుకుంటాము. కణం లెక్కలో అది కూడా చేయవలసిన పనే. అలసిన కండరంలో ఈ తోడిపోత నెమ్మదిస్తుంది కనుక, బలం కొంత మిగిలి ఉన్నప్పటికీ వదులు కావడం ఆలస్యమవుతుంది. మోచేతిని చాచే కండరం పనిచేస్తుండగా దానిని మడిచే కండరం ఇంకా బిగుసుకునే ఉంటే, మనిషి తన చేతిని తానే వెనక్కి లాగుకుంటున్నట్టు అవుతుంది.

కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో స్టూవర్ట్ మెక్‌గిల్ బృందం మేటి మిశ్రమ యుద్ధక్రీడాకారుల కండరాలలోని విద్యుత్ సంకేతాలను కొలిచి, 2010లో ఫలితాలు ప్రకటించింది. కొన్ని కండరాలలో ఒకే దెబ్బకు రెండు శిఖరాలు కనిపించాయి: కదలిక మొదలుపెట్టడానికి ఒక సంకోచం, వెంటనే వదులు, తగిలే క్షణంలో మళ్లీ సంకోచం. గునపం, గొలుసు, గునపం. లండన్ పరిశోధకులు 2012లో ప్రచురించిన మరొక అధ్యయనంలో 12 మంది కరాటే బ్లాక్ బెల్టులను, వ్యాయామం చేసే అలవాటున్నా యుద్ధవిద్య తెలియని మరో 12 మందిని కేవలం 5 సెంటీమీటర్ల దూరంనుంచి గుద్దమన్నారు. బ్లాక్ బెల్టుల దెబ్బలో బలం ఎక్కువగా ఉండటానికి కారణం భుజం, మణికట్టు కదలికల శిఖరాలు ఒకదానితో ఒకటి చక్కగా కుదరడమేనని తేలింది. కదలికల సమయాన్ని సరిదిద్దే చిన్నమెదడు దారులలోని శ్వేత పదార్థంలో, అంటే సంకేతాలను మోసే నాడీ తంతువులలో, ఈ నైపుణ్యానికి తగిన తేడాలు కూడా కనిపించాయి.

ఒకసారి ఒక శిక్షణ కేంద్రంలో సాధన చూస్తుండగా, అక్కడి మాస్టరు నా ఛాతీకి మందపాటి ప్యాడ్ ఆనించి, "గట్టిగా పట్టుకోండి సార్, ఊపిరి బిగబట్టకండి" అన్నారు. ముందుగా ఇరవై ఏళ్ల కుర్రవాడు ఒకడు గుద్దాడు. దెబ్బకు ముందే అతని దవడ బిగుసుకుంది, మెడమీది నరాలు ఉబ్బాయి, భుజం చెవివైపు లేచింది. చప్పుడు పెద్దగా వచ్చింది, నేను అడుగు వెనక్కి వేశాను. తరువాత మాస్టరు గుద్దారు. ఆయన వయసు యాభై దాటి ఉంటుంది. తెల్లటి చొక్కా చేయి గాలిలో తెరచాపలా ఊగి, చివరలో ఒక్కసారి పట్‌మని మోగింది. అడుగు వెనక్కి వేయడం అటుంచి, కాసేపు ఊపిరి ఎటుపోయిందో నాకు తెలియలేదు. ఆయన ముంజేతిని పట్టుకుని చూడనివ్వమని అడిగాను. నా వేళ్ల కింద అది నానబెట్టిన పిండిముద్దలా మెత్తగా ఉంది. గాలిలోకి గుద్దగానే రెప్పపాటు రాయిలా మారి, నేను గుర్తించేలోపే మళ్లీ పిండిముద్ద అయింది.

దెబ్బ వేయడం గురించి ఇంతసేపు చెప్పాను గానీ, నూరుమంది పోరులో దెబ్బ తినడం కూడా అంతే పెద్ద విద్య. అక్కడ ఎక్కువగా పడేవి తొడ వెలుపలి భాగం మీద కాలి ముందెముకతో వేసే కింది దెబ్బలు, ఛాతీ, పొట్టల మీద పడే గుద్దులు. బిగిసి ఉన్న కండరం దెబ్బ లోతుకు దిగకుండా అడ్డుకుంటుంది. అయితే 150 నిమిషాలూ బిగించి ఉంచడం ఎవరి వల్లా కాదు. కనుక ఇక్కడ కూడా అదే సూత్రం: దెబ్బ తగిలే లిప్తలో ఊపిరిని కురచగా బయటికి వదులుతూ పొట్ట కండరాలను బిగించి, మరుక్షణం వదిలేయాలి. 'కియాయ్' అనే కేకలో రహస్యం ఏదైనా ఉంటే అది ఈ ఊపిరిదే. ఎంత నేర్చినా దెబ్బల సంఖ్య పెరిగేకొద్దీ కండర కణాలు చితికి, వాటిలోని మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ రక్తంలోకి చేరి, మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. మూత్రం ముదురు గోధుమరంగులోకి మారడం దీనికి సూచన. ఈ పరీక్ష తరువాత ఆసుపత్రిలో చేరినవారు ఉన్నారు. దీనిని సాహసగాథగా మాత్రమే చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. ఎదిగే వయసు పిల్లల చేత పిడికిళ్లు గట్టిపడాలని చెక్కలను, గోడలను గుద్దించే శిక్షకులకు కూడా ఒక మాట మనవి చేస్తున్నాను. ఒత్తిడికి తగినట్టు ఎముక తనను తాను పునర్నిర్మించుకుంటుందని జర్మన్ వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పిన మాట నిజమే. అయితే పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే చోట ఇంకా మృదులాస్థే ఉంటుంది, అది నలిగితే ఎముక ఎదుగుదలే వంకరపోవచ్చు. దయచేసి ఆగండి.

మనసు సంగతి వేరుగా చెప్పవలసిన అవసరం లేదు, ఎందుకంటే భయం మొదట కనిపించేది కండరంలోనే. భయపడిన మనిషి చాచే కండరాన్నీ, మడిచే కండరాన్నీ ఒకేసారి బిగిస్తాడు. గొలుసు కావలసిన చోట గునపంగా మిగిలిపోతాడు. మీటరు దూరంనుంచి సెకనుకు 10 మీటర్ల వేగంతో వచ్చే కాలికి పట్టేది సెకనులో పదోవంతు. కంటికి కనిపించినదానికి మామూలు మనిషి స్పందించడానికి పట్టేది దానికి రెట్టింపు. కాలిని చూసి తప్పుకోవడం సాధ్యం కాదు కనుక, గురువు కాలు లేవకముందే ఎదుటివాడి నడుము, భుజాల చిన్న కదలికనుంచి రాబోయేదానిని ఊహిస్తాడు. కరాటే నిపుణులను పరీక్షించిన చోట వారికీ కొత్తవారికీ తేడా ప్రధానంగా కనిపించింది ఈ ఊహలోనే. ఆ చూపు విశాలంగా ఉండాలంటే దృష్టి ఏ ఒక్కచోటా పాతుకుపోకూడదు. ఇప్పుడే తిన్న దెబ్బ మీద అసలే పాతుకుపోకూడదు. క్రీడాకారులకు నొప్పి తెలియడం మొదలయ్యే స్థాయిలో ఇతరులతో పోలిస్తే పెద్ద తేడా ఉండదు, దానిని సహించగల స్థాయిలో తేడా ఎక్కువగా ఉంటుంది. నొప్పి సంకేతాలకు వెన్నుపాములో ఒక ద్వారం వంటిది ఉందనీ, పైనుంచి మెదడు దానిని కొంత మూయగలదనీ మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించినది 1965లో, ఆర్నీల్ నూరుమంది పోరు పూర్తి చేసిన సంవత్సరంలోనే. క్యోకుషిన్ విద్యార్థులు మాటిమాటికీ 'ఒస్' అంటారు. నెట్టడం, ఓర్చుకోవడం అనే అర్థాలున్న రెండు అక్షరాలతో దానిని రాస్తారు. ఆ రెండవ అక్షరం చేసే పని బహుశా ఆ ద్వారం దగ్గరే జరుగుతుంది.

ఆ పాఠకుడికి ఒక సూచన. నూరుమంది పోరు వీడియో ఏదైనా దొరికితే పిడికిళ్లను, కాళ్లను కాసేపు పక్కనపెట్టి, రెండు పోరుల మధ్య ఉండే కొద్ది సెకన్లలో ఆ యోధుడి భుజాలను గమనించండి. మొదటి పది పోరులలో చెవులకూ భుజాలకూ మధ్య ఎంత దూరం ఉందో గుర్తుపెట్టుకుని, అరవయ్యో పోరు తరువాత మళ్లీ చూడండి. ఆ దూరం తగ్గిపోయి ఉంటే కండరాల పట్టు విడవడం ఆలస్యమవుతోందన్న మాట. తరువాతి పోరులో అతని చేయి ఎక్కడ నెమ్మదిస్తుందో, ఏ దెబ్బ అతన్ని దాటి లోపలికి వస్తుందో మీరే ముందుగా చెప్పగలుగుతారు.